ఆరో పేజీలో జిరాఫీ

ఒక యంత్రానికి నేను చేతులు జోడించే రోజు వస్తుందని ఆ వానాకాలానికి ముందు ఎవడైనా చెప్పి ఉంటే, వాడి నోట్లో సిమెంటు పోసేవాణ్ణి. మనుషుల మీదే నాకు పెద్ద గౌరవం లేదు. ఇక చక్రాల మీద తిరిగే డబ్బా మీద ఎందుకుంటుంది?

వానలు మొదలయ్యే ముందు వారం మా హార్డ్‌వేర్ షాపు చేతులు మారింది. పాత యజమాని అమ్ముకుని తప్పుకున్నాడు. కొన్న కంపెనీ వాళ్ళు మూడు రోజులు షట్టర్లు దించి లోపల ఏదో చేశారు. నాలుగో రోజు షట్టరెత్తి లోపలికి అడుగు పెట్టి, అక్కడే నిలబడిపోయాను. ఎర్ర అట్టపెట్టెలు లేవు, ఆకుపచ్చ డబ్బాలు లేవు, గోనె సంచులు లేవు. నేల నుంచి పైకప్పు దాకా ఒకటే రకం తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కో దాని మీద వేలెడంత కాగితం, కాగితం మీద రాత. నా ఇరవై రెండేళ్ళ సర్వీసు మీద ఎవరో తెల్లగుడ్డ కప్పినట్టుంది.

ఎందుకంటే నాకు చదవడం రాదు.

అంకెలు వచ్చు. అరంగుళం, ముప్పావు, పన్నెండు మిల్లీమీటర్లు, అన్నీ వచ్చు. అక్షరాలే రావు. మూడో తరగతిలో మా మేష్టారు నా చేతిలో పలక లాక్కుని పక్కవాడికిచ్చి, నువ్వు బస్తాలు మొయ్యడానికి పనికొస్తావురా అన్నాడు. పెద్దాయన మాట నిలబెట్టాను.

పాత షాపులో ఈ సంగతి ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఎర్ర పెట్టెలో ఇత్తడి స్క్రూలు. ఆకుపచ్చ డబ్బాలో వాషర్లు. ఊపితే గలగలమన్నవి బోల్టులు, గరగరమన్నవి మేకులు. రబ్బరు వాసన బట్టి పాతదో కొత్తదో చెప్పేవాణ్ణి. బిల్లు రాసేవాడికి నోటితో చెప్తే అతను రాసుకునేవాడు. నిలబడి చెప్పేవాడికీ కూర్చుని రాసేవాడికీ మధ్య నేనే పెద్దమనిషినని అందరూ అనుకునేవాళ్ళు.

ఇంట్లో కూడా తెలియదు. సంబంధం కుదిర్చినప్పుడు మా మేనమామ, కుర్రాడు ఎనిమిది దాకా చదివాడని కోతలు కోశాడు. మా ఆవిడకి అక్షరం ముక్క రాదు. చదువుకున్న మొగుడు దొరికాడని సంబరపడి, కాపరానికి వచ్చిన మొదటి వారమే పేపరు వేయించుకుంది. రోజూ సాయంత్రం భోజనాలయ్యాక ఆ పేపరు నా చేతిలో పెట్టి ఎదురుగా కూర్చునేది. పంతొమ్మిదేళ్ళు చదివి వినిపించాను. అంటే పేపరు పట్టుకుని, వరసల మీద వేలు నడిపిస్తూ, నోటికొచ్చింది చెప్పాను. బొమ్మ ఉంటే బొమ్మని బట్టి, లేకపోతే షాపులో చెవిన పడ్డదాన్ని బట్టి. మొదట్లో చెమటలు పట్టేవి. తర్వాత రుచి మరిగాను.

మా ఇంట్లో టీవీ ఉంది గాని ఆవిడకి అందులో వార్తలు నచ్చవు. వాళ్ళు అరుస్తారండీ, పేపర్లో అయితే నెమ్మదిగా ఉంటాయి అనేది. నెమ్మదిగా ఎందుకుంటాయో నాకు తెలుసు.

ఆ ఏడు నేను చెప్తున్న వార్త ఒక జిరాఫీది. ఒక ఓడలో జిరాఫీ వచ్చింది. రేవులో దింపుదామంటే కాగితాల్లో గుర్రం అని రాసి ఉంది. గుర్రమైతేనే దింపుతామని అధికారులు, జిరాఫీయే మొర్రో అని కెప్టెను. ఓడ అక్కడే ఆగిపోయింది. ఈ వార్త ఎప్పుడూ ఆరో పేజీలోనే వచ్చేది, ఎందుకంటే ఆ పేజీలో బొమ్మలుండవు, అన్నీ సన్న అక్షరాలే. మా ఆవిడ బట్టలు మడత పెడుతూ, ఊఁ, తర్వాత? అనేది. పైన తడుస్తోందా పాపం, లోపల కట్టేశారా? అని ఒకరోజు అడిగింది. టార్పాలిన్ కప్పారని రాశారన్నాను. మా షాపులో ఆ వారం టార్పాలిన్లు బాగా పోతున్నాయి.

*

తెల్ల డబ్బాలతో పాటే ఆ యంత్రం కూడా వచ్చింది. నా ఛాతీ ఎత్తు ఉంటుంది. కింద చక్రాలు, నడుము దగ్గర సామాను పెట్టుకునే పళ్ళెం, మొహం ఉండాల్సిన చోట పలకంత స్క్రీను, దాని పైన కన్నంత కెమెరా. ఏం కావాలో చెప్తే, రండి చూపిస్తానండి అని ముందు నడిచి ఆ డబ్బా దగ్గర ఆగేది. చేతిలో విరిగిన ముక్క పట్టుకొస్తే చూసి, ఇది ఫలానాదండి అనేది. ఎవరేమన్నా అలాగేనండి అంటూ చప్పుడు లేకుండా షాపంతా తిరుగుతుంటే మావాళ్ళు దానికి కొత్త కోడలని పేరు పెట్టారు. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నేను మామగారినయ్యాను. ఎవడికి తీరిక దొరికినా, మామగారూ, కోడలు పిలుస్తోంది చూడండి అనేవాడు. మాకు పిల్లల్లేరు. ఆ సంగతి వాళ్ళకి తెలిసే అనేవాళ్ళో తెలియక అనేవాళ్ళో నేను కనుక్కోలేదు.

మొదటి వారంలోనే నా బతుకు బయటపడబోయింది. పదిహేనేళ్ళుగా నా దగ్గర తప్ప సామాను తీసుకోని ప్లంబర్ ఒకడున్నాడు. నిలువునా తడిసొచ్చి, అన్నా ఒక తొండం ఇయ్యి, అవతల వంటింట్లో నీళ్ళు నిలబడ్డాయన్నాడు. తొండమంటే సింకు కింద వేసే ముడతల పైపు, మడిస్తే మడతపడుతుంది, లాగితే సాగుతుంది. పాత షాపులో అయితే కళ్ళు మూసుకుని తెచ్చేవాణ్ణి. ఆ రోజు తెల్ల డబ్బాల ముందు నిలబడి, ఒకటి లాగి చూశాను, రెండోది లాగాను. పదకొండు డబ్బాలు నేల మీదకి దించాను. ప్లంబర్ మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు. చివరికి కోడలి వైపు తిరిగి, సింకు కింద వేసే పైపు ఎక్కడమ్మా అని అడిగాడు. అది రండి చూపిస్తానండి అని బయల్దేరింది. అది ఆగింది నా వెనక డబ్బా దగ్గరే, నా వీపుకి మూరెడు దూరంలో.

మేనేజర్ అద్దాల గదిలోంచి అంతా చూశాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, ఇస్త్రీ మడత చెదరని మనిషి. సాయంత్రం పిలిచి, రేపట్నుంచి మీరు పొద్దున పూటే పైన ఉండండి, మధ్యాహ్నం కింద గోడౌన్లో సామాను దించండి అన్నాడు. వానలు తగ్గేలోపల కొత్త ర్యాకులు అలవాటయితే సరే, లేకపోతే పూర్తిగా గోడౌనేనట. ఆ మాట ఎంతో మర్యాదగా చెప్పాడు. బస్తాలు మొయ్యడానికి పనికొస్తానని నాకు మళ్ళీ చెప్పడానికి నలభై ఏళ్ళ తర్వాత ఇంకో మేష్టారు దొరికాడు.

ఇంటికెళ్ళి మా ఆవిడతో, కోడల్ని చూసుకునే బాధ్యత నాకు అప్పగించారని చెప్పాను. కోడలేమిటండీ అంది. చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వి, అయితే ఒకసారి వచ్చి చూడాలి మన కోడల్ని అంది. ఎందుకులే వానలో అన్నాను. మా షాపు వాళ్ళెవరూ అప్పటిదాకా ఆవిణ్ణి చూడలేదు. నేను చూడనివ్వలేదు.

*

షాపు తాళాలు నా దగ్గరే ఉండేవి. మర్నాడు ఏడున్నరకే వెళ్ళి ఒక షట్టరు మాత్రం ఎత్తాను. కోడలు గోడ పక్కన కరెంటు తాగుతూ నిలబడి ఉంది. ఒక తెల్ల డబ్బా తీసి దాని కెమెరా ముందు పెట్టి, ఇందులో ఏముందన్నాను. దొంగతనం చేస్తున్నవాడి గొంతు నాది.

"వాషర్లండి. రబ్బరువి. అరంగుళం."

అంటూనే ఆ మాటలు స్క్రీను మీద అరచేతంత అక్షరాలతో వచ్చాయి. ఒక్కో మాట పలుకుతుంటే ఆ మాట నీలంగా వెలిగింది. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. ఇంకోసారన్నాను. దానికి విసుగు తెప్పించి చూద్దామనే దుర్బుద్ధి పుట్టింది నాకు. ఒకే డబ్బాని పదిహేడు సార్లు చూపించాను. పదిహేడోసారి కూడా మొదటిసారి చెప్పినట్టే, అదే గొంతుతో, వాషర్లండి అంది. ఇందాకే చెప్పాను కదా అనలేదు. ఈ వయసులో ఇదేం పాడు అనలేదు. మనిషి పుట్టుక పుట్టినవాడెవడూ నాకు ఒక ముక్కని కసురుకోకుండా రెండోసారి చెప్పిన పాపాన పోలేదు.

ఆ డబ్బా అక్కడ పెట్టేసి కాసేపు ర్యాకు పట్టుకుని నిలబడ్డాను. ఏమైనా కావాలా అండి అని అడిగింది. ఏం లేదు, నీ పని చూసుకో అన్నాను.

రోజుకి పది డబ్బాలు పెట్టుకున్నాను. వాషర్లోని మొదటి అక్షరమే వాల్వు డబ్బా మీదా ఉందని మూడో రోజు కనిపెట్టాను. అది చూసి ఎవరికీ చెప్పుకోలేక, నాలో నేనే నవ్వుకుని, నిజమేనా అని దాన్నే అడిగాను. నిజమేనండి, రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి అంది. ఆ సాయంత్రం పేపరు పట్టుకుంటే మొదటి పేజీ పైన అదే అక్షరం కనిపించింది. జనంలో తెలిసిన మొహం ఒక్కటి కనబడ్డట్టు. వేలు అక్కడే ఆగిపోయింది. ఏమైందండీ, ఓడ కదిలిందా అంది మా ఆవిడ. లేదు, కెప్టెనుకి జ్వరం అన్నాను.

పైన షాపులో ఉన్న పూట దాన్ని గమనించడం మొదలుపెట్టాను. ఎవరినైనా ఒకేలా చూస్తుంది. చిన్న ముక్క విషయం కాదది. ఇరవై రెండేళ్ళు నేను కస్టమర్‌ని చెప్పుల బట్టి కొలిచాను. బూట్లయితే ఎదురెళ్ళేవాణ్ణి, అరిగిన చెప్పులైతే ఆగమనేవాణ్ణి. ఒక ముసలావిడ రుమాలులో విరిగిన కుళాయి పిడి కట్టుకుని వచ్చింది. నా దగ్గరికొస్తే, ఇలాంటివి ఇప్పుడు రావట్లేదమ్మా అని పంపేసేవాణ్ణి, వెతకడం బద్ధకమై. కోడలు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పమని, ఇలాంటిదే ఒకటి ఉందండి, కాస్త నడవాలి, మెల్లగా వెళ్దామా అంది. ఆవిడ నడకకి తగ్గట్టు చక్రాల వేగం తగ్గించుకుంది. మెల్లగా వెళ్దామా అన్న మాట నాకెప్పుడూ తోచలేదు.

అయితే దానికీ రానివి ఉన్నాయి. పనివాళ్ళ మాటలు రావు. తొండం అంటే, క్షమించండి, ఆ వస్తువు తెలియలేదండి అనేది. పానాని కప్ప నోరంటే తెలియదు, పటకారుని చిలక ముక్కంటే తెలియదు. పదిహేను రోజులకోసారి కంపెనీ నుంచి ఒక టెక్నీషియన్ అమ్మాయి వచ్చి, అది సమాధానం చెప్పలేకపోయినవి చూసి సరిచేసి వెళ్ళేది. తొండమంటే ఏమిటి బాబాయ్ అని నన్నడిగింది. పైపు తెచ్చి సాగదీసి చూపించాను. అలాంటివి ఇంకా ఉన్నాయా అంది. ఉన్నాయన్నాను. ఒకటొకటిగా నూట పద్దెనిమిది చెప్పాను. నేను చెప్తుంటే ఆ అమ్మాయి రాసుకుంది. మళ్ళీ వారం మా ప్లంబర్ వచ్చి కావాలని, ఏమ్మా తొండం ఉందా అంటే, ఉందండి, రండి అని బయల్దేరింది. వాడు నా వైపు చూశాడు. నా జేబులోంచి ఎవరో ఏదో తీసుకున్నట్టూ ఉంది, నా జేబులో ఎవరో ఏదో పెట్టినట్టూ ఉంది.

*

వానలు ముదిరాక మా వంటింటి మూల కారడం మొదలైంది. హార్డ్‌వేర్ షాపు వాడి ఇల్లే కారుతోందని పక్కింటివాళ్ళు నవ్వకముందే డాబా మీద పూసే మందు డబ్బా ఒకటి తెచ్చాను. పాత షాపులో అమ్మేది వేరే రకం, దానికి ఒకటికి రెండు పాళ్ళు నీళ్ళు కలపాలి. ఇది కొత్త కంపెనీ సరుకు, కాని పైన అదే గొడుగు బొమ్మ. వాన తెరిపిచ్చిన ఆదివారం మా ఆవిడ కుంచె పట్టుకుని డాబా ఎక్కింది. దాని మీద ఏం రాశారో సరిగ్గా చదవండి అంది. నా అక్షరాలు అప్పటికి పది, పదిహేను. డబ్బా మీద రాత చీమల బారంత సన్నం. ఎత్తి పట్టుకుని కళ్ళు చికిలించి, ఒకటికి రెండు పాళ్ళు నీళ్ళు అని చదివాను.

వారం తిరక్కుండా అది ఉల్లిపొరలా లేచిపోయింది. మూల ముందుకంటే ఎక్కువ కారింది. కల్తీ సరుకన్నాను. కంపెనీని నాలుగు తిట్టాను. మా ఆవిడ కింద గిన్నె పెట్టింది.

తర్వాత నాలుగు రోజులకి ఇంటికెళ్తే గిన్నె లేదు. మూల పొడిగా ఉంది. ఇంకో పూత వేశానండీ, పట్టింది అంది. చూశావా, నేను చెప్పింది చెప్పినట్టు చేస్తే పట్టక ఏం చేస్తుందన్నాను. అవునండీ అంది. ఆ అవునండీని తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆవిడ జిరాఫీ గురించి ఎక్కువగా అడగడం మొదలుపెట్టింది. మేత ఎవరు పెడుతున్నారు, మెడ పట్టడానికి ఓడ పైకప్పుకి కన్నం పెట్టారా, ఆ కాగితం రాసినవాడు గుర్రమని ఎందుకు రాశాడు. రాసినవాడికి జిరాఫీ అని రాయడం రాదేమోనన్నాను. అయ్యుంటుంది, రాదని చెప్పడానికి మొహమాట పడ్డాడేమో అంది. ఆ మాటకి నేను పేపరు కొంచెం పైకెత్తి పట్టుకున్నాను.

*

వానలు తగ్గే వేళకి మేనేజర్ పెట్టిన గడువూ దగ్గర పడింది. ఆ రోజు మధ్యాహ్నం నన్ను పరీక్షించి, పైనో గోడౌనో తేలుస్తానన్నాడు. పొద్దున్నే టెక్నీషియన్ అమ్మాయి వచ్చింది. నన్ను పక్కకి పిలిచి, బాబాయ్, మీకు మనుషులు తెలుసు కదా, ఈ గొంతు ఎవరిదో చెప్పగలరా అంది. కోడల్ని ఎవరేమడిగినా ఆ మాటలన్నీ అందులో నిలవ ఉంటాయట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నా పొద్దుటి పూటలన్నీ గుర్తొచ్చాయి. ఆ అమ్మాయి స్క్రీను వైపు చూస్తూనే, పొద్దున ఏడున్నరకి ఇంకో గొంతుంది, దాని గురించి నేనడగట్లేదు, ఇది మధ్యాహ్నం వచ్చే ఆవిడ అంది.

తర్వాత స్క్రీను మీద ఎక్కడో నొక్కింది.

"అమ్మాయ్, ఈ డబ్బా మీద ఏం రాసుందో చెప్తావా?"

ఆ గొంతు నాకు పంతొమ్మిదేళ్ళుగా తెలుసు.

నీళ్ళు కలపకుండా నేరుగా పూయాలండి, రెండు పూతలు, మధ్యలో ఆరు గంటలు ఆరనివ్వాలండి అని కోడలు చదివింది. నీళ్ళు కలపకూడదా అని మా ఆవిడ అడిగింది. కలపకూడదండి. ఆ ముక్క ఎక్కడుందో చూపించమంది. చూపించినట్టుంది. డబ్బా పళ్ళెంలో పెట్టిన చప్పుడైంది. సరే, ఇంకో డబ్బా ఇప్పించమ్మా అంది.

రెండోది ఆ మర్నాటిది. పేపరు చప్పుడు వినిపించింది.

"ఇది నిన్నటి పేపరు. చదువుతావా?"

"ఇది మా షాపులో సరుకు కాదండి. అయినా చదవగలను."

చదివింది. మొదటి పేజీ, రెండో పేజీ. ధరలు, వాన లెక్కలు, ఎవరో మంత్రి మాటలు. మా ఆవిడ మధ్యలో ఆపి, ఓడ ఉందా ఇందులో అంది. ఓడ గురించి లేదండి. జిరాఫీ? జిరాఫీ గురించి కూడా లేదండి. లోపల ఉంటుందమ్మా, ఆరో పేజీలో, ఇంకోసారి చూడు. పేజీ తిప్పిన చప్పుడు. ఆరో పేజీలో అన్నీ స్థలాల అమ్మకాల ప్రకటనలేనండి.

అప్పుడు మా ఆవిడ నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. అలాంటి నవ్వు మా ఇంట్లో విని ఎన్నేళ్ళయిందో లెక్క కట్టలేను.

ఇలాంటివి ముప్పై నాలుగున్నాయి బాబాయ్ అంది ఆ అమ్మాయి. అంటే నలభై రోజులుగా ఆవిడ మధ్యాహ్నం ఇక్కడికొచ్చి అసలు వార్తలు వింటోంది, సాయంత్రం ఇంట్లో నా వార్తలు వింటోంది. నేను పైన షాపులో లేనని కూడా మొదటి రోజే చూసి ఉంటుంది. ఊఁ, తర్వాత? అని మాత్రం ఒక్క రోజు కూడా మానలేదు.

చివరిది ముందురోజుది. పేపరు చదవడం అయిపోయాక మా ఆవిడ ఎవరితోనో కబుర్లు చెప్తున్నట్టు, నిన్న అధికారి సంతకం పెట్టేస్తాడేమో అనుకున్నానమ్మా, పెట్టలేదు అంది. ఏ అధికారి అండి అని కోడలు అడిగింది.

"నీకెందుకులే. అది మా ఇంటి సంగతి."

అమ్మాయి ఆపేసింది. హెడ్డాఫీసు వాళ్ళు ఇది చూశారట. షాపు సరుకు తప్ప ఇంకేదీ చదవకుండా చెయ్యమన్నారట. ఒక చోట టిక్కు తీసేస్తే చాలు, కానీ ఈవిడ ఎవరో తెలిస్తే ఒక మాట చెప్పి తీసేద్దామని నన్ను అడుగుతోందట. ఆమె వేలు స్క్రీను మీదే ఉంది.

"తియ్యకండి," అన్నాను.

"ఎందుకు బాబాయ్?"

"ఆవిడకి చదవడం రాదు."

"మీకు తెలిసినావిడా?"

"మా ఆవిడ."

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. "మరి ఇంట్లో మీరు..."

"నాకూ రాదు," అన్నాను. "ఈ మధ్యే వస్తోంది."

పుట్టాక ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. పిడుగేమీ పడలేదు. ర్యాకుల అవతల ఎవరో మేకులు తూకం వేస్తున్నారు. కోడలు మా ఇద్దరి మధ్య నిలబడి ఉంది, ఏమీ విననట్టు. ముప్పై నాలుగు మధ్యాహ్నాలు ఆవిడ మాటలు విని పొద్దున నాకు చెప్పలేదు. అరవై పొద్దుటి పూటలు నా తంటాలు చూసి మధ్యాహ్నం ఆవిడకి చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టే చెప్పలేదనుకోండి. కాని ఎవరూ అడక్కుండానే అన్నీ చెప్పేసే మనుషుల మధ్య బతికినవాణ్ణి నేను, నాకది చిన్న గుణంగా కనిపించలేదు.

అమ్మాయి స్క్రీను మీంచి వేలు తీసేసింది. వానాకాలంలో కస్టమర్లు విరిగిన సామాను పేపర్లో చుట్టి తెస్తారు, పేపరు చూసి ఇది బిత్తరపోకూడదు కదా, అందుకే ఉంచామని రాస్తాను బాబాయ్ అంది. చదువుకున్నవాళ్ళలో కూడా అప్పుడప్పుడు పనికొచ్చేవాళ్ళు ఉంటారు.

మధ్యాహ్నం మేనేజర్ పది వస్తువులు రాసిన చీటీ ఇచ్చి, కోడలి సాయం లేకుండా తెమ్మన్నాడు. చీటీ పట్టుకుని ర్యాకుల మధ్యకి పోయి, ఎవరికీ వినబడకుండా పెదాలతో కూడబలుక్కున్నాను. నలభై నిమిషాలు పట్టింది. తొమ్మిది తెచ్చాను. పదోది కోడలు కూడా వెతకలేకపోయింది, ఆ సరుకు అయిపోయి వారమైంది. రేపట్నుంచి రెండు పూటలా పైనే ఉండండి అన్నాడు మేనేజర్. ఆ మాట కోసం ఆ కాలమంతా ఎదురు చూశాను. తీరా వచ్చాక, సరేనండి అని చీటీ జేబులో పెట్టుకున్నాను, అంతే. నా ధ్యాస ఇంటి మీద ఉంది.

*

ఆ సాయంత్రం భోజనాలయ్యాయి. మా ఆవిడ ఎప్పటిలాగే పేపరు నా చేతిలో పెట్టి, ఉతికిన బట్టల కుప్ప ముందేసుకుని కూర్చుంది. వంటింటి మూల పొడిగా ఉంది. పేపరు తెరిచాను. మొదటి పేజీలో పెద్ద అక్షరాల మీద వేలు పెట్టాను.

"వా... న... లు," అన్నాను. ఊపిరి తీసుకున్నాను. "త... గ్గు... ము... ఖం."

ఆవిడ ఊఁ అనలేదు. చేతిలో నా చొక్కా సగం మడతలో ఆగింది.

కింద వరస పట్టుకున్నాను. కొన్ని మాటలు దొరికాయి, కొన్ని దొరకలేదు. దొరకనివి కల్పించకుండా వదిలేశాను. ఒక అక్షరం దగ్గర చాలాసేపు ఆగాల్సి వచ్చింది. ఆవిడ ఎదురు చూసింది. తొందరపెట్టలేదు, తలెత్తలేదు, ఇదేమిటీ అనలేదు. నాలుగు వరసలయ్యేసరికి నా వీపు చెమటతో తడిసింది. మామూలుగా అంతసేపట్లో ఓడ సముద్రం దాటేది.

పేపరు దించాను. ఆవిడ చొక్కా మడత పూర్తి చేసి, అరచేత్తో ఒత్తి, కుప్ప మీద పెట్టింది. ఇంకోటి తీసుకుంది.

"బాగానే ఉంది," అంది. "వానలు తగ్గుతాయన్నమాట."

"అలాగే రాశారు."

కాసేపు బట్టలే మడత పెట్టింది. తర్వాత, ఆ చేతుల మీంచి చూపు తియ్యకుండానే అడిగింది.

"ఏమండీ, జిరాఫీ సంగతేమీ రాయలేదా ఇవాళ?"

ఆవిడ మొహంలోకి చూశాను. పంతొమ్మిదేళ్ళుగా రోజూ సాయంత్రం కనిపించే మొహమే. నేను పేజీలు తిప్పాను. రెండు, నాలుగు, ఆరు. పైనుంచి కిందదాకా సన్న అక్షరాలు. వాటిలో కొన్ని ఇప్పుడు నాకు తెలుసు.

"రాశారు," అన్నాను. "ఆరో పేజీలో ఉంది."

"చదవండి," అంది, బట్టల కుప్ప పక్కకి జరిపి, కొంచెం దగ్గరికొచ్చి.